ఖాళీ కుర్చీల అంగీకారం

పోయిన వారం మన పలకరింపులమ్మాయిని హాలు గుమ్మంలో నిలబెట్టి వదిలేశాను. వెనక వరసలు వరసలుగా కుర్చీలు, ఎదురుగా నిర్మానుష్యంగా ఉన్న రోడ్డు. సభ మొదలై చాలాసేపయింది. రావలసిన వాళ్ళలో ఒక్కరూ రాలేదు.

మధ్యలో చదవడం మొదలుపెట్టిన వాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. బస్సు డిపోను పెద్దది చేయాలంటే పక్కనున్న వీధి మొత్తం పడగొట్టాలి. పడగొట్టే ముందు ఆ వీధివాళ్ళను అడిగి తీరాలని చట్టం. ఆ అడిగే పనిని డిపోవాళ్ళు ఒక ప్రజాసంబంధాల కంపెనీకి అప్పగించారు. కంపెనీవాళ్ళు దాన్ని ఈ అమ్మాయికి అప్పగించారు. ఈ అమ్మాయి పెరిగింది ఆ వీధిలోనే, అక్కాబావల ఇంట్లో. కొన్ని నెలలుగా ఇల్లిల్లూ తిరిగి, గుమ్మాల్లో కూర్చుని, వాళ్ళు ఇచ్చిన టీలు తాగి, ఎవరి కష్టం వాళ్ళ చేత చెప్పించుకుంది. పలకరింపులమ్మాయి అన్న పేరు వీధివాళ్ళు ముద్దుగా పెట్టుకున్నదే.

ఇక నా మీద కోపంగా ఉత్తరాలు రాసిన వాళ్ళకు ఒక మాట. అంత చదువుకున్న పిల్లకు ఇలా అవుతుందని ముందే తట్టలేదా అని అడిగారు. తట్టలేదు. మంచి పని చేస్తున్నాననుకుంటూ చేసే పనిలో తప్పు వెతికే అలవాటు మనలో ఎంతమందికి ఉంది? నాకైతే లేదు. మీకు ఉంటే సంతోషం.

హాల్లోకి పోదాం.

వీధివాళ్ళ అభ్యంతరాలు రాసుకోవడానికి వచ్చిన విచారణాధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. గడువు దాటాక కూడా లేవకుండా, ఎవరైనా రాకపోతారా అని తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

“ఇంకెవరైనా వస్తారామ్మా?”

“వస్తారు సార్. వస్తామన్నారు.”

ఎవరూ వస్తామనలేదు. ఆ సంగతి ఆమెకు ఆ మాట నోట్లోంచి జారాక తెలిసింది. ప్రతి గుమ్మంలోనూ సభ ఎక్కడో చెప్పింది, ఏ రోజో చెప్పింది. సరేనమ్మా అన్నారు. నువ్వుంటావుగా అన్నారు. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు.

“సార్, పోనీ నేను చెప్పనా? ఎవరేం అన్నారో నాకు నోటికొచ్చు. మూల ఇంటి మామ్మ దగ్గర్నుంచి ఇస్త్రీ బండి ఆయన దాకా ఒక్కరు కూడా వీధి వదలడానికి ఒప్పుకోలేదు.”

“మీరు సభ పెట్టినవాళ్ళ మనిషి కదమ్మా. మీరు చెప్పకూడదు. వాళ్ళ నోటితో వాళ్ళు ఇక్కడికొచ్చి చెప్పిందే నేను రాసుకోవాలి.”

“నా దగ్గర చెప్పుకున్నారు సార్, కన్నీళ్ళు పెట్టుకుని చెప్పుకున్నారు.”

“చెప్పుకునుంటారు. నేను కాదనట్లేదు.” ఆయన గొంతు తగ్గించాడు. “ఒక్కరంటే ఒక్కరు వచ్చి మాకొద్దు అన్నా చాలు, వీధి బదులు డిపో వెనకున్న ఖాళీ స్థలం సరిపోతుందేమో చూడమని నేను రాసి తీరాలి. ఎవరూ రాకపోతే అభ్యంతరం లేనట్టే లెక్క. నాకు వేరే దారి లేదు.”

ఆయన రాశాడు, సంతకం పెట్టాడు, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. కుర్చీలు మాత్రం మిగిలాయి. ఆ కుర్చీలు ఆమె పొద్దున్నే వచ్చి స్వయంగా వేయించినవి. ముసలివాళ్ళకు నడుం నొప్పి పుడుతుందని ముందు వరసలో మెత్తలు కూడా వేసింది.

అప్పుడొచ్చాడు నవ్వుల సారు. ఈయన ఆమె పైఅధికారి. ఆఫీసులో అందరూ చాటుగా ఆ పేరుతోనే పిలుస్తారు. కోపం వచ్చినా నవ్వుతాడు, ఉద్యోగం పీకేసేటప్పుడు కూడా నవ్వుతాడు.

“ఎంత ప్రశాంతంగా అయిపోయిందమ్మా. నీకు చేతులెత్తి దండం పెట్టాలి.”

“సార్, ఎవరూ రాలేదు. ఏదో పొరపాటు జరిగింది. ఇంకో తేదీ అడగండి. ఈసారి దగ్గరుండి నేనే తీసుకొస్తాను.”

“ఎందుకు?”

“వాళ్ళు చెప్పాల్సింది చెప్పలేదు కదా.”

“నీకు చెప్పారుగా,” అన్నాడాయన. అని, ముందు వరసలో మెత్త ఉన్న కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. “కూర్చో. నువ్వు బాగా పనిచేశావు కాబట్టి చెబుతున్నాను, ఇంకొకరికైతే చెప్పను. మనిషికి కావలసింది ఏమిటో తెలుసా? వినేవాళ్ళు. నీలాంటి పిల్ల గుమ్మంలో కూర్చుని, మధ్యలో అడ్డు రాకుండా వింటే, వాళ్ళ బరువు దిగిపోతుంది. దిగిపోయాక మళ్ళీ బట్టలు మార్చుకుని, ఎండలో ఇంత దూరం వచ్చి, మైకు ముందు నిలబడి ఎవరు చెబుతారు? నేను చాలా వీధుల్లో చూశాను. బాగా విన్న చోట సభకు రారు. సరిగ్గా వినని చోటే వచ్చి కుర్చీలు విసురుతారు.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక అడిగింది.

“మీకు ముందే తెలుసా?”

“తెలుసు కాబట్టే నిన్ను తీసుకున్నాను. ఆ వీధిలో పెరిగావని నీ దరఖాస్తులో చూశాక ఇంకొకరి వైపు చూడలేదు.” ఆయన నుదుటి మీద పాత మచ్చ ఒకటి ఉంది. దాన్ని వేలితో చూపించాడు. “నేను నీ వయసులో ఉన్నప్పుడు పెట్టిన మొదటి సభలో తగిలింది. ఆ రోజు ఇద్దరు ఆసుపత్రి పాలయ్యారు. ఆ వీధి కూడా చివరికి పోయింది, తలలు పగిలాక పోయింది. ఈ వీధి తలలు పగలకుండా పోతుంది. అందులో నువ్వు బాధపడాల్సింది ఏముంది చెప్పు.”

ఈ ముక్క రాస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. అయినా ఆయన తాను మంచివాడిననే నమ్ముతున్నాడని మీకు చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఆమెను ఓదార్చడానికే ఆ మాటలన్నీ అన్నాడు. ఆమె మాత్రం ఆయన మాట పూర్తి కాకుండానే బయటికి పరుగెత్తింది.

విచారణాధికారి ఇంకా వెళ్ళలేదు, అప్పుడే కారెక్కబోతున్నాడు. ఆమె తలుపు పట్టుకుంది. రొప్పుతూ, వరస తప్పిపోతూ అంతా చెప్పింది. ఆయన అంతా విని, సంచీ సీట్లో పెట్టి ఆమె వైపు తిరిగాడు.

“రావద్దని మీరు ఎవరితోనైనా అన్నారా?”

అనలేదు అనబోయింది. అనలేకపోయింది. ఎందుకంటే అన్నది. మోకాళ్ళ నొప్పులున్న మామ్మతో, మీరు శ్రమపడకండి మామ్మా, నేను చెప్తాగా అంది. పసిబిడ్డ తల్లితో, ఎండలో బిడ్డనేసుకుని ఎక్కడొస్తారు అంది. ఇంకా ఒకరితో అంది.

“అన్నాను సార్.”

“అయితే ఒక దారుంది. సభ పెట్టినవాళ్ళే మమ్మల్ని రాకుండా చేశారని వీధివాళ్ళు ఎవరైనా రేపు ఆఫీసు మూసేలోగా నా దగ్గరికొచ్చి చెబితే, ఈ సభ రద్దవుతుంది. మళ్ళీ పెట్టాలి. కాకపోతే ఊరికే కంపెనీ అంటే కుదరదు. ఫలానా మనిషి అని మీ పేరు పెట్టి చెప్పాలి. అది నిజమని తేలితే మీకు ఇక ఈ పని ఎవరూ ఇవ్వరు. ఇంకే పనైనా ఇవ్వడానికి కూడా ఆలోచిస్తారు. చూసుకోండి.”

ఆమె చూసుకోలేదు. ఎదురుగా వస్తున్న బస్సెక్కి తిన్నగా వీధికొచ్చింది.

వీధి మొదట్లో మూల ఇంటి మామ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. పెళ్ళైన కొత్తలో మొగుడు తన చేత్తో కట్టిన మెట్లవి. ఒక మెట్టు ఎత్తు, ఒక మెట్టు పల్లం.

“వచ్చావా తల్లీ. బాగా చెప్పావా? నా మెట్ల సంగతి కూడా చెప్పావా, మర్చిపోయావా?”

“మామ్మా...”

“నువ్వు చెప్పుంటావులే. నిన్నటి నుంచే మళ్ళీ వండుకుంటున్నాను, ఇన్నాళ్ళకి తిండి సయించింది. నీకు చెప్పుకున్నాక మనసు కుదుటపడింది.”

నవ్వుల సారు చెప్పింది అక్షరాలా నిజమని ఆ మాటతో తేలిపోయింది. అంతకంటే ఆమెను ముక్కలు చేసేది ఇంకొకటి ఉండదు. ఇస్త్రీ బండి ఆయన బొగ్గులు కదుపుతూ, ఏం పలకరింపులమ్మా, మన తరఫున దులిపేశావా అని నవ్వాడు. ఎవరికీ ముఖం చూపించలేక తల దించుకుని నడిచింది.

అక్క ఇంటి ముందు గదే టైలరింగు షాపు. గుమ్మానికి ఒక పక్క అక్క మిషను, ఇంకో పక్క బావ బల్ల. బావకు పెళ్ళయిన కొన్నేళ్ళకు జబ్బు చేసి చూపు పోయింది. ఇప్పుడు ఫ్యాన్లు, మిక్సీలు చేత్తో తడిమి బాగుచేస్తాడు. ఈ వీధిలో ఆయనకు కర్ర అక్కర్లేదు. జేబుల్లో చేతులు పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరి దాకా తిరుగుతాడు. కాలువ మీద ఏ బండ కదులుతుందో, ఎవరి అరుగు ఎంత ముందుకొచ్చిందో ఆయన కాళ్ళకు తెలుసు. టీ తాగడానికి ఒక్కడే వెళ్తాడు, మనుషులతో వేళాకోళాలాడి ఒక్కడే తిరిగొస్తాడు. అదే మెయిన్ రోడ్డు మీదికి వెళ్తే అక్క మోచెయ్యి పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, సగం మనిషైపోతాడు. ఈ వీధి పోతే బావ ఇక జీవితంలో ఒంటరిగా నడవడు. ఆమె ఈ ఉద్యోగంలో పొద్దూ మాపూ పాటుపడింది ప్రధానంగా ఈ ఒక్క సంగతి కోసమే.

“వచ్చావా? ఏంటి, అడుగులు అలా పడుతున్నాయి?” అన్నాడు బావ, ఫ్యాను రెక్క పక్కన పెడుతూ.

ఆమె గుమ్మంలోనే చతికిలబడి మొత్తం చెప్పింది. ఖాళీ కుర్చీలు, సారు నవ్వు, అధికారి రాసుకున్న ముక్క, ఏదీ దాచలేదు. చెబుతుండగా ఎప్పుడాగిందో మిషను ఆగింది. అక్క దారం కొరికి, గుడ్డ మడిచి పక్కన పెట్టింది. 

“ఒక్కరొస్తే చాలన్నాడా ఆయన?” అంది అక్క.

“ఆఁ.”

“ఒక్కరంటే ఒక్కరు?”

“అక్కా...”

“మీ బావ ఇవాళ తెల్లారే లేచి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. నేనూ వస్తాను, నేనూ రెండు మాటలు చెప్తానని రెండ్రోజులుగా ఒకటే పాట. నేను సరే, తీసుకెళ్తానన్నాను. ఎవరు వద్దన్నారు?”

ఆమె బావ వైపు చూసింది.

“ఎవరు వద్దన్నారే?”

“నేనే. పొద్దున మీ ఇద్దర్నీ ఉండిపొమ్మంది నేనే. ఆ రోడ్లో లారీలు, బస్సులు... అంత జనంలో బావ ఇబ్బంది పడతాడని...”

“ఆయన ఇబ్బంది పడితే పడేవాడు. అక్కడికొచ్చి నిలబడి, నాకు ఈ వీధి కావాలి అనేవాడు. దానికి ఎంతసేపు పట్టేది?” అక్క గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. “నిన్ను మేం చదివించింది మా నోరు మూయించడానికా?”

అక్క ఆమెను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. పరీక్ష తప్పినప్పుడు అనలేదు, చెప్పకుండా పెళ్ళి సంబంధం వద్దన్నప్పుడూ అనలేదు. ఇప్పుడు అన్న మాట నిజం కావడంతో ఆమెకు ఏడుపు కూడా రాలేదు. బావ బల్ల మీద చేత్తో తడుముతున్నాడు. కావలసిన స్క్రూ చేతికిందే ఉంది, అయినా వెతుకుతున్నాడు.

“ఇంకా గడువుంది అక్కా. రేపు ఆఫీసు మూసేలోగా ఎవరైనా వెళ్ళి, నేను మిమ్మల్ని మోసం చేశానని చెప్పాలి. నా పేరు పెట్టి చెప్పాలి. చెబితే సభ మళ్ళీ పెడతారు. ఊరికే అలా అన్నట్టు చెప్పండి. నిజంగా అనుకోవక్కర్లేదు. కోపం వచ్చినట్టు నటించండి చాలు.”

“నటించడం ఎందుకు?” అంది అక్క. “మోసమేగా చేశావు.”

నేను ఈ నవల మొదలుపెట్టినప్పటి నుంచీ ఆ అక్క నోట ఇలాంటి మాట రాయాల్సి వస్తుందని భయపడుతూనే ఉన్నాను.

“నేను వెళ్తాను,” అంది అక్క మళ్ళీ. “పొద్దున్నే వెళ్తాను. మా చెల్లెలే మమ్మల్ని రావద్దంది అని చెప్తాను. ఆ తర్వాత నీకు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, నిన్ను నలుగురూ ఏమంటారో నేను ఆలోచించను. ఆలోచిస్తే చెప్పలేను.”

“అలాగే అక్కా. ఆలోచించొద్దు.”

“నువ్వేం చెప్పవు,” అన్నాడు బావ అక్కతో.

ఇద్దరూ అటు తిరిగారు.

“ఆ పిల్ల నన్ను రావద్దన్న మాట నిజమే. ఎందుకంది? బస్సు కింద పడతానని భయపడి అంది. అది మోసమా? దాని పేరు చెడగొట్టి నా వీధి నేను నిలబెట్టుకోవాలా? నువ్వు వెళ్ళి అది మోసం చేసిందని చెబితే, నీ వెనకే నేనూ వస్తాను. మరదలు నన్ను పద్ధతిగానే పిలిచింది, నాకే బద్ధకమేసి పోలేదు అని చెప్తాను.”

“చెబితే ఏమవుతుందో తెలుసా మీకు?” అంది అక్క. “నేను ఒకటి చెప్పి మీరొకటి చెబితే ఆయన ఎవరి మాటా నమ్మడు. సభ రద్దవదు. ఈ వీధి ఉండదు.”

“తెలుసు.”

“బావా, వద్దు,” అంది ఆమె. “నీ కాళ్ళు పట్టుకుంటాను. నాకు ఏ ఉద్యోగం లేకపోయినా బతుకుతాను. నువ్వు ఎక్కడో నాలుగు గోడల మధ్య కూర్చుండిపోతే నేను బతకలేను.”

“నా గురించి నువ్వు ఆలోచించడం వల్లేగా ఇంత జరిగింది,” అన్నాడు బావ. కోపంగా అనలేదు. ఎప్పుడూ మాట్లాడినట్టే అన్నాడు. “ఇక ఆపు. చాలు.”

ఆ మాట ఆమెకు అక్క మాటకంటే లోతుగా దిగింది. ప్రేమగా చేసిన పనిని ఎవరైనా తిడితే ఓర్చుకోవచ్చు. ఆపమని అడిగితే ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

“ఆ ఆఫీసుకి మీరెలా వస్తారు?” అంది అక్క. “నేను తీసుకెళ్ళను. ఇదీ తీసుకెళ్ళదు. వీధిలో ఎవర్నీ తీసుకెళ్ళనివ్వను. అర్థమైందా మీకు? ఊరికి ఆ చివరన ఉంది.”

“నేనే వెళ్తాను.”

“ఎలా?”

“అడుగుతూ వెళ్తాను. ఎలాగూ రేపో ఎల్లుండో ఈ వీధి పోయేదే అయితే, ఆ రోడ్డు ఇవాళే అలవాటు చేసుకోవాలి.”

బావ లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. సాయంత్రం టీ వేళే అది, అందుకని ఇద్దరూ కోపంలో టీకే వెళ్తున్నాడనుకున్నారు. వెళ్ళనీ, చల్లబడి వస్తాడు అన్నట్టు అక్క మళ్ళీ మిషను ముందు కూర్చుంది. పలకరింపులమ్మాయి గుమ్మం స్తంభానికి ఆనుకుని చూస్తూ ఉంది. ఆయన జేబుల్లో చేతులు పెట్టుకుని, కదిలే బండ దగ్గర కాలు కొంచెం పెద్దగా వేసి, ఇస్త్రీ బండి ఆయనకు ఏదో చెప్పి నవ్వించి, టీ కొట్టు దాటాడు.

“అక్కా,” అంది ఆమె. “కొట్టు దాటేశాడు.”

అక్క తల ఎత్తింది.

డిపో గేటు తెరుచుకునే వేళ అది. సాయంత్రం బస్సులు ఒకదాని వెనక ఒకటి మెయిన్ రోడ్డు మీదికి వస్తున్నాయి. మూల ఇంటి మామ్మ మెట్ల మీంచి, ఎక్కడికి నాయనా, అటు రోడ్డు అని కేకేసింది. ఆయన ఆమె వైపు చెయ్యి ఊపాడు. జేబుల్లోంచి రెండో చెయ్యి కూడా తీసి ముందుకు చాపుకున్నాడు. ఆ వీధిలో ఆయన అలా చేతులు చాపి నడవడం ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు.

అక్క, చెల్లెలు పరుగెత్తారు. ఒకరి మీద ఒకరికి ఎంత కోపమున్నా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే పరుగెత్తారు.

బావ ఆ మూల ఇంటి గోడను వేళ్ళతో తాకుతూ దాని అంచు దాకా వచ్చాడు. గోడ అయిపోయింది. ఆయన ఆగలేదు.